రేపు ఆఖరి రోజు, ఇంకా 540 కిలోమీటర్లు ఉంది - ఒక్క ఊపులో కొట్టేయనా, మధ్యలో ఆగనా?

తీరం_వెంట | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. 18 రోజుల నుంచి సముద్రాన్ని ఎడమ పక్కన పెట్టుకుని నడుపుతూనే ఉన్నా, ఇప్పటికి 4,110 కిలోమీటర్లు అయింది. 400 సీసీ సింగిల్ సిలిండర్ బండి, వెనక రెండు సైడ్ బాక్సులు, పైన ఒక బ్యాగు. రేపు ఆదివారం, ఆఖరి రోజు. మొదటి 210 తీరం రోడ్డే, తర్వాత కుడికి తిరిగి సముద్రాన్ని వదిలేసి హైవే మీద ఇంకో 330. సోమవారం పొద్దున్నే ఆఫీసు. అలారం 3:30కి పెట్టుకుని 4కల్లా బయల్దేరితే మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటానని లెక్క.

ఒళ్ళు బాగానే ఉంది, కుడి చేతి చిటికెన వేలూ ఉంగరపు వేలూ మాత్రం నాలుగు రోజుల నుంచి మొద్దుబారినట్టు ఉన్నాయి. చైన్ కొంచెం గరగర అంటోంది. వెనక టైరు మధ్యలో చదునైపోయింది గానీ అరుగుదల గుర్తు దాకా అరగలేదు. ఇవి కాకుండా ఇంకో విషయం, నవ్వకండి, నిన్నటి నుంచి ఇల్లు గుర్తొస్తే సంతోషమూ ఉంది, ఏదో పోగొట్టుకుంటున్నట్టూ ఉంది. అందుకే ఇదేదో తొందరగా అయిపోతే బాగుండు అనిపిస్తోంది. మీరైతే ఏం చేస్తారు?

రెండోగేరు | 9:52

ఏంగాదు అన్నా, 540 అంటే ఎంత, పొద్దుగాల లేసి గుద్దితే మాపటికల్లా ఇంట్ల ఉంటవ్. 18 రోజులు నడిపినోనికి ఒక్క రోజు లెక్కనా. లేపెయ్.

పాతబండి | 10:05

తమ్ముడూ, ముందు ఒకటి చెప్పు. ఈ 18 రోజుల్లో ఏ ఒక్క రోజైనా 540 నడిపావా? నాకు తెలిసి నీ సగటు 230 కూడా లేదు. మరి బాగా అలిసిపోయిన రోజునే, బండి కూడా బాగా అరిగిపోయిన రోజునే, మొత్తం ట్రిప్పులో అన్నిటికంటే పెద్ద దూరం ఎందుకు పెట్టుకున్నావ్?

ఇంటి ముఖం పట్టిన ఎద్దుల్ని అదిలించక్కర్లేదు అంటారు చూడు, మనమూ అంతే. పొద్దున్నుంచి చెయ్యి తెలియకుండానే తిప్పేస్తుంటుంది, 80లో వెళ్ళేవాడు 95లో ఉంటాడు, ఆగాల్సిన చోట ఆగడు, "ఇంకో 40 అయ్యాక తాగుదాంలే" అని నీళ్ళు కూడా తాగడు. విమానాలు నడిపేవాళ్ళలో కూడా ఈ జబ్బుందట, వాతావరణం బాగోలేదని కళ్ళెదుట కనిపిస్తున్నా అనుకున్న చోటికే పోదామని మొండికేస్తారు, దానికి వాళ్ళు పేరు కూడా పెట్టుకున్నారు, గెట్ హోమ్ ఐటిస్ అని. ఇల్లు చేరాలనే పిచ్చి.

లెక్కలమాస్టారు | 10:21

పెద్దాయన మాట కాదనను గానీ "ఆఖరి రోజే ప్రమాదాలు ఎక్కువ" అని ప్రతి గ్రూపులోనూ అంటారు, దానికి ఆధారం అడిగితే ఎవరూ చూపించరు. మోటార్‌సైకిల్ ప్రమాదాల మీద బాగా పేరున్న స్టడీ 1981లో వచ్చిన హర్ట్ రిపోర్ట్. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల 900 ప్రమాదాల్ని అక్కడికక్కడే వెళ్ళి చూశారు. అందులో తేలింది దీనికి తిరగబడి ఉంది: ఎక్కువ ప్రమాదాలు చిన్న చిన్న ప్రయాణాల్లో, అదీ బయల్దేరిన చోటికి దగ్గర్లోనే. అంటే ఆఖరి రోజు కన్నా మొదటి పది నిమిషాలే డేంజర్.

పాతబండి | 10:30

మాస్టారూ, ఆ 900లో 18 రోజుల ట్రిప్పు ఆఖరి రోజు పడినవాళ్ళు ఎంతమంది ఉంటారండీ? ఊళ్ళో రోజూ తిరిగే బళ్ళు లక్ష, ఇలా దూరాలు పోయే బళ్ళు పది. ఎక్కడ ఎక్కువ తిరుగుతామో అక్కడే ఎక్కువ పడతాం.

లెక్కలమాస్టారు | 10:38

ఒప్పుకున్నా. కానీ అది నా మాటకే కాదు మీ మాటకీ వర్తిస్తుంది, అటూ రుజువు లేదు ఇటూ లేదు. ఆఖరి రోజు అనే ముద్ర పక్కన పెడదాం. రుజువున్నది నిద్ర సంగతి, దాని గురించి మాట్లాడుకుంటే ఇతనికి పనికొస్తుంది.

ఇప్పుడు టైమ్ 10:38, ఇతనింకా ఫోన్ చూస్తున్నాడు. 11:30కి పడుకుని 3:30కి లేస్తే 4 గంటలు. కారు డ్రైవర్ల మీద 2016లో అమెరికాలో రోడ్డు భద్రత మీద పనిచేసే ట్రిపుల్ ఏ ఫౌండేషన్ వాళ్ళు వేసిన లెక్కలో, కనీసం 7 గంటలు పడుకున్నవాళ్ళతో పోలిస్తే 4 నుంచి 5 గంటలు మాత్రమే పడుకున్నవాళ్ళకి ప్రమాదం రేటు నాలుగు రెట్ల పైన ఉంది. అవి నాలుగు చక్రాలు, మనం కునుకు తీస్తే పడిపోయే రెండు చక్రాల మీద ఉన్నాం. 1997లో నేచర్ పత్రికలో ఇంకోటి వచ్చింది, 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితనంతో సమానం అని. తాగి బండెక్కుతావా అంటే ఛీ అంటాం, నిద్రలేకుండా ఎక్కడాన్ని మాత్రం గొప్పగా చెప్పుకుంటాం.

రెండోగేరు | 10:41

మాస్టారు పరీక్ష పెట్టేటట్టున్నడు 😄

అలలఅమ్మాయి | 10:55

నేను నిద్ర గురించి కాదు, గాలి గురించి చెప్తా. మాది సముద్రం పక్కనే, చిన్నప్పట్నుంచీ తెరచాప పడవలు నడిపే ఇల్లు.

తీరం రోడ్డు 210 ఉందన్నారు కదా, దాన్ని పదకొండు లోపల దాటేసేలా చూసుకోండి, మిగతా ప్లాన్ ఎలా ఉన్నా పర్లేదు. పొద్దెక్కేకొద్దీ నేల తొందరగా వేడెక్కుతుంది, నీళ్ళు వేడెక్కవు, నేల మీద గాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీది గాలి తోసుకొస్తుంది. మామూలుగా పది పదకొండుకి మొదలై మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్యలో బాగా ముదురుతుంది. తెల్లవారుజామున మాత్రం నీళ్ళు అద్దంలా ఉంటాయి. ఎడమ పక్కన సముద్రం అంటే ఆ గాలంతా మీకు ఎడమ నుంచి అడ్డంగా కొడుతుంది, రెండు బాక్సులూ పైన బ్యాగూ ఉన్న బండి గాలికి తెరచాపతో సమానం.

గాలి వేగం కొంచెం పెరిగితే దెబ్బ కూడా కొంచెమే పెరుగుతుంది అనుకుంటారు అందరూ. కాదు, వేగానికి వర్గం లెక్కన పెరుగుతుంది. గంటకి 40 ఉన్న గాలి 60 అయితే తోపు ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు. ఇంకా గట్టిగా దెబ్బ తగిలేది ఏటి మొగల దగ్గర వంతెనల మీద, అప్పటిదాకా చెట్లో ఇళ్ళో అడ్డం ఉండి వంతెన ఎక్కగానే ఒక్కసారి ఖాళీ అయిపోతుంది చూడండి, అక్కడ. పెద్ద లారీని దాటేటప్పుడు కూడా, దాని చాటులో ఉన్నంతసేపూ హాయిగా ఉంటుంది, ముందుకి రాగానే ఎవరో భుజం పట్టి గుంజినట్టు అవుతుంది. వంతెన రాకముందే స్పీడు తగ్గించండి, హ్యాండిల్‌ని పీక పిసికినట్టు పట్టుకోకండి, మోకాళ్ళతో ట్యాంకుని పట్టుకుని చేతులు వదులుగా ఉంచండి, మీకు కుడి వైపు కొంచెం రోడ్డు మిగిలేలా నడపండి ఎందుకంటే గాలి తోసేది అటే. రోడ్డు మీద ఇసుక పాము చారల్లా పాకుతూ కనిపించిందంటే గాలి ముదిరిందని అర్థం, ఆ ఇసుక మలుపుల్లో పేరుకుంటుంది, దాని మీద వంచి బ్రేక్ కొట్టారా అయిపోయింది.

తీరం_వెంట | 11:02

ఇసుక పాముల్ని నిన్న చూశా అండీ! ఎంత బాగున్నాయో అని ఆగి వీడియో కూడా తీశా. అర్థం మాత్రం ఇప్పుడే తెలిసింది.

గ్రీజుచేతులు | 11:08

చైన్ గరగర అన్నావ్. చివరిసారి ఆయిల్ ఎప్పుడు పెట్టావ్? పొద్దున బయల్దేరే ముందు పెడితే పెద్ద లాభం లేదు, సగం చిమ్మిపోయి రిమ్ము మీద పడుతుంది. ఇప్పుడే వెళ్ళి తడి గుడ్డతో ఉప్పూ ఇసుకా తుడిచి, పొడి గుడ్డ పట్టి, లోపలి అంచు మీద సన్నగా పెట్టి రాత్రంతా వదిలెయ్. ఓ-రింగ్ చైన్‌లో (లింకుల మధ్య సన్నటి రబ్బరు రింగులు ఉండేది) పిన్నుల లోపల గ్రీజు కంపెనీలోనే పెట్టి మూసేస్తారు, మనం పైన పెట్టేది రోలర్లకీ, స్ప్రాకెట్ అనే పళ్ళ చక్రానికీ తుప్పు రాకుండానూ, ఆ రింగులు ఎండి పగలకుండానూ. వదులు ఎంత ఉందో ఒక్క చోట చూసి ఊరుకోకు, చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడు, ఒక చోట బిగుతు ఒక చోట వదులు ఉంటే చైన్ పని అయిపోయినట్టే, అప్పుడు బిగుతుగా ఉన్న చోటు ప్రకారం సెట్ చెయ్యాలి. ఎంత ఉండాలన్నది వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే స్వింగ్ ఆర్మ్ మీద స్టిక్కర్లో ఉంటుంది, మామూలు రోడ్ బళ్ళకి 25 నుంచి 35 మిల్లీమీటర్లు ఉండొచ్చు, నీ బండిది నువ్వు చూసుకో. అనుమానమొస్తే కొంచెం వదులే మంచిది, బిగుతైతే గేర్‌బాక్స్ బేరింగుని తినేస్తుంది.

అలాగే క్యారియర్ బోల్టులు చేత్తో తడిమి చూడు. సింగిల్ సిలిండర్ వణుకుడికి 4,000 కిలోమీటర్లలో ఒక్కటైనా వదులు కాకపోతే నా పేరు మార్చుకుంటా. టైరు గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూడు, మధ్యాహ్నం వేడి మీద ఎక్కువ చూపిస్తే తీసెయ్యకు. మధ్యలో చదునైన టైరు కదా, మలుపులో ముందు వంగనని మొరాయించి తర్వాత ఒక్కసారి పడినట్టు అనిపిస్తుంది, కంగారు పడి బ్రేక్ పట్టకు.

వెనకసీటు | 11:15

నేను బండి నడపను, వెనక కూర్చునే మనిషిని, అయినా ఒక మాట. మా ఆయనతో ఇలాంటి ట్రిప్పులు మూడు చేశా. ఆయనకి అలుపొచ్చిందని ఆయనకంటే ముందు నాకు తెలుస్తుంది, ఎలాగంటే మామూలుగా హెల్మెట్ ఇంటర్‌కమ్‌లో ఆపకుండా వాగే మనిషి ఒక్కసారి మౌనం అయిపోతారు. తర్వాత గేర్లు మార్చేటప్పుడు నా హెల్మెట్ ఆయన హెల్మెట్‌కి ఠక్కున తగలడం మొదలవుతుంది, అప్పటిదాకా తగలదు. ఆ రెండూ కలిశాయంటే వీపు మీద రెండు దెబ్బలు, ఆపమని. ఆపకపోతే మూడో దెబ్బ గట్టిగా.

మీరు ఒక్కరే వెళ్తున్నారు, వీపు మీద కొట్టేవాళ్ళు లేరు. అందుకని మీరే ఏదో ఒక గుర్తు పెట్టుకోండి.

తీరం_వెంట | 11:20

సరే, ఒప్పుకున్నా. అలారం 5:30కి మార్చా. 6కి బయల్దేరి తీరం రోడ్డు 11 లోపల, తర్వాత హైవే ఎంతవరకు వెళ్ళగలిగితే అంతవరకు. చైన్ దగ్గరికి వెళ్తున్నా. గుడ్ నైట్.

రెండోగేరు | 11:22

అందరు కలిసి పిలగాణ్ణి భయపెట్టిర్రు. పో అన్నా, మంచిగ పండు.

తీరం_వెంట | ఆదివారం ఉదయం 6:10

బయల్దేరుతున్నా. గ్రీజుచేతులు అన్నా, మీ పేరు అలాగే ఉంచుకోండి, క్యారియర్ ఎడమ పక్క బోల్టు మూడు చుట్లు వదులైంది.

గ్రీజుచేతులు | 6:31

😌

తీరం_వెంట | ఉదయం 11:05

తీరం రోడ్డు అయిపోయింది. 9:30 దాకా గాలే లేదు, నీళ్ళు నిజంగానే అద్దం. 10:30కి ఆఖరి వంతెన, దాని మీద మాత్రం అమ్మాయిగారు చెప్పినట్టే, ఎక్కగానే ఒక్క తోపు తోసింది, అప్పటికే 50కి తగ్గించి ఉన్నా కాబట్టి సరిపోయింది.

కుడికి తిరిగే చోట ఆగి కాసేపు నిలబడ్డా. 18 రోజులు ఎడమ చెవిలో ఒకటే హోరు, ఇంజన్ ఆపితే మామూలుగా అదే వినిపించేది, ఇప్పుడు రెండు కిలోమీటర్లు లోపలికొచ్చి ఇంజన్ ఆపితే ఏమీ లేదు. ఫోటో తీద్దామనుకున్నా గానీ ఏం తీయాలో తెలీలేదు, రోడ్డు మలుపు తప్ప అక్కడేం లేదు. సరే 330 ఉంది.

అలలఅమ్మాయి | 11:12

హెల్మెట్ అద్దం చూసుకున్నారా? తీరం దాటాక దాని మీద ఉప్పు పొర ఉంటుంది, సాయంత్రం ఎండ ఎదురుగా పడితే అద్దమంతా తెల్లగా మెరిసిపోయి ఏమీ కనపడదు. పొడి గుడ్డతో మాత్రం రుద్దకండి, ఆ ఉప్పూ ఇసుకా గీతలు పెట్టేస్తాయి. తడి గుడ్డ కప్పి రెండు మూడు నిమిషాలు వదిలి తర్వాత మెల్లగా తుడవండి. పెట్రోలు బంకులో కారు అద్దాలకి కొట్టే మందు వద్దు, హెల్మెట్ అద్దం చేసే పాలికార్బొనేట్ ప్లాస్టిక్‌ని పాడు చేస్తుంది.

తీరం_వెంట | మధ్యాహ్నం 2:10

కొంచెం భయపడ్డా, అందుకే ఆగి రాస్తున్నా. ఒక పెట్రోలు బంకు పక్కన చెట్టు కింద ఉన్నా, పొద్దున్నుంచి లెక్కేస్తే 330 కిలోమీటర్ల దగ్గర. తిరగాల్సిన చోట తిరగలేదు, బోర్డు పెద్దదే, చూశాననే అనుకుంటున్నా, కానీ నాలుగు కిలోమీటర్లు ముందుకి పోయాక గానీ తెలీలేదు. అది కాదు భయం. వెనక్కి వస్తూ ఆలోచిస్తే ఆ నాలుగే కాదు, దాని ముందు పదో పదిహేనో కిలోమీటర్లు కూడా ఏమీ గుర్తు లేవు. రోడ్డు నేరుగా ఉంది, ఎండ, ఇంజన్ ఒకే సౌండు. నిద్ర రాలేదు అని ప్రమాణం చేసి చెప్తా, కానీ గుర్తు లేదు.

లెక్కలమాస్టారు | 2:14

బండెక్కొద్దు. "నిద్ర రాలేదు" అని నిద్రపోయినవాడు చెప్పలేడు, మూడు సెకన్ల కునుకు పట్టినవాడికి పట్టిందని తెలియదు. 80లో వెళ్తుంటే సెకనుకి 22 మీటర్లు, మూడు సెకన్లంటే 66 మీటర్లు ఎవరూ నడపని బండి. ఒంటి గడియారం ప్రకారం కూడా మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు ఎలాగూ మందగించే టైమే, రాత్రి బాగా పడుకున్నా సరే.

కాఫీ దొరికితే ఇప్పుడే తాగి వెంటనే 20 నిమిషాలు పడుకోండి. కాఫీ పని చెయ్యడానికి ఎలాగూ 20, 30 నిమిషాలు పడుతుంది, లేచేసరికి అందుతుంది. అరగంట దాటి పడుకోవద్దు, లేచాక ఇంకా మత్తుగా ఉంటుంది. పాటలు పెట్టుకోవడం, అద్దం ఎత్తి గాలి తగలనివ్వడం, ఇవన్నీ మనల్ని మనం మోసం చేసుకోవడానికి.

పాతబండి | 2:20

నీళ్ళు తాగావా? చెవుల్లో ఏమైనా పెట్టుకున్నావా? ఉత్త చెవులతో హైవే మీద ఆరు గంటల గాలి హోరు వింటే ఆ మోతకే సగం ఒళ్ళు అలిసిపోతుంది. 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటల దాకా పర్లేదంటారు, అక్కణ్ణించి ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైమ్ సగం అవుతుంది. హైవే స్పీడులో హెల్మెట్ లోపల అంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది. ఇయర్ ప్లగ్స్ పెట్టుకుంటే హారన్లు వినపడవని భయపడతారు గానీ గాలి మోత తగ్గి ఇంకా బాగా వినిపిస్తాయి.

వెనకసీటు | 2:22

వీపు మీద రెండు దెబ్బలు పడ్డాయి అనుకోండి. ఇదే ఆ గుర్తు.

రెండోగేరు | 2:40

అన్నా నేను రాత్రి లేపెయ్ అన్న, తప్పైంది. పండు జర.

తీరం_వెంట | సాయంత్రం 5:25

అప్డేట్. కాఫీ తాగి చెట్టు కిందే పడుకున్నా, బంకులో పనిచేసే ఒక పెద్దాయన 25 నిమిషాలకి లేపాడు, లేపమని అడిగి పడుకున్నా లెండి. లేచాక తల తేలిగ్గా ఉంది, "ఇంక 210 ఏగా" అనిపించింది, అక్కడే మీరందరూ గుర్తొచ్చారు. 60 కిలోమీటర్లు నడిపా. ఎండ నేరుగా మొహం మీదికి వచ్చేసింది, అద్దం తుడుచుకున్నా కూడా ముందు బండి బ్రేక్ లైట్ వెలిగిందో లేదో తెలీట్లేదు. ఇంకా 150 ఉంది, రెండున్నర గంటలు, అందులో ఒకటిన్నర చీకట్లో. ఆగిపోయా. రూమ్ తీసుకున్నా. సోమవారం పూట సెలవు కావాలని మేనేజర్‌కి మెసేజ్ పెట్టా, ఆయన బొటనవేలు ఒకటి పంపాడు. దీని గురించి రాత్రంతా తల పట్టుకున్నా, తీరా చూస్తే ఒక బొటనవేలు!

ఇక్కడి నుంచి ఇంటికి 150 అంటే మామూలు ఆదివారం నేను సరదాగా పోయి వచ్చే దూరం. అంత దగ్గర్లో రూమ్ తీసుకోవడం వింతగా ఉంది. కానీ సాయంత్రం ఏడింటికే పడుకోబోతున్నా.

పాతబండి | 5:40

శభాష్. నేను గత పదేళ్ళ నుంచి ఏ ట్రిప్పైనా అలాగే చేస్తున్నా, ఆఖరి రాత్రి ఇంటికి 100, 150 దూరంలో పడుకుని పొద్దున్నే చేరుకోవడం. మా ఇంట్లో నవ్వుతారు. ఇల్లు అలకగానే పండగ కాదు, ఇంకా 150 ఉంది, పొద్దున కూడా నిదానంగానే రా.

తీరం_వెంట | సోమవారం ఉదయం 10:20

చేరా. 4,658. తప్పిన మలుపు ముందుకీ వెనక్కీ కలిపి 8 ఎక్కువ.

ఆఖరి ఐదు కిలోమీటర్లు విచిత్రంగా ఉన్నాయి. నాకు ప్రతి గుంత తెలిసిన రోడ్డు, అందుకే ఏమీ చూడకుండా నడిపేస్తున్నానని గమనించి కావాలనే స్పీడు తగ్గించా. పక్కన స్కూటర్ల మీద వెళ్ళేవాళ్ళు బాక్సుల వంక చూస్తున్నారు, నేనెక్కడి నుంచి వస్తున్నానో వాళ్ళకేం తెలుసు. గేటు ముందు ఇంజన్ ఆపేసి హెల్మెట్ తియ్యకుండా ఒక నిమిషం అలాగే కూర్చున్నా.

రెండోగేరు | 10:34

సైడ్ స్టాండ్ వేసినవా?

తీరం_వెంట | 10:36

వేశా, ఎందుకు?

రెండోగేరు | 10:50

ఇప్పటిదాక ఎవ్వనికి చెప్పలే. పోయినేడు నేను 11 రోజులు తిరిగొచ్చిన, ఒక్క గీత పడలే బండికి. ఆఖరి రోజు 600 ఒక్క దెబ్బకు కొట్టి రాత్రి పదకొండుకు ఇంటిముందట ఆగిన. మా అమ్మ గేటు తీసుకుంట వచ్చింది, నేను ఇగ వచ్చేసిన అన్న కుషీల స్టాండ్ వెయ్యకుండనే దిగిన. బండి నా కాలు మీద పడ్డది. మడిమ కాడ బొక్క ఇరిగింది, ఆరు వారాలు పట్టి. ఇంటి గేటు ముందట, సున్నా స్పీడుల. ఊర్ల అందరికి మాత్రం లోయల పడ్డ అని చెప్పిన.

వెనకసీటు | 10:53

అయ్యో 😂 సారీ, నవ్వకూడదు.

లెక్కలమాస్టారు | 10:58

బయల్దేరిన చోటికి దగ్గర్లోనే అని హర్ట్ రిపోర్ట్ చెప్పింది కదండీ.

గ్రీజుచేతులు | 11:15

ఇప్పుడు అసలు పని. చాలామంది ఏరు దాటి తెప్ప తగలేసినట్టు ఇంటికి రాగానే బండి మీద కవర్ కప్పేసి నెల రోజులు దాని మొహం చూడరు. తీరం వెంట 18 రోజులు తిరిగిన బండికి అంతకంటే చెడ్డ పని ఇంకోటి లేదు. ఉప్పు ఎండిపోయింది కదా ఇంకేం చేస్తుంది అనుకుంటారు. ఉప్పు గాల్లో తేమని పీల్చుకుంటుంది, మామూలు ఉప్పైతే గాల్లో తేమ 75 శాతం దాటితే తనంతట తానే తడైపోతుంది, సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, అది 33 శాతానికే నీరు కారుతుంది. అంటే నువ్వు కవర్ కింద పెట్టినా లోపల రోజూ ఉప్పునీళ్ళలో నానుతూనే ఉంటుంది.

ఇంజన్ పూర్తిగా చల్లారాక మామూలు పైపుతో, తక్కువ ఫోర్సుతో, కింది నుంచి కూడా, ఎక్కువసేపు నీళ్ళు పోస్తూ కడుగు. ప్రెషర్ గన్ చక్రాల బేరింగుల మీదికీ, హ్యాండిల్ మెడ దగ్గరికీ, చైన్ రింగుల మీదికీ పట్టకు, గ్రీజుని నెట్టేసి నీళ్ళు లోపలికి పోతాయి. రేడియేటర్ రెక్కల మధ్యలో, సైలెన్సర్ బిగింపుల దగ్గర, స్టీల్ బోల్టు అల్యూమినియంలోకి దిగే ప్రతి చోటా పట్టి పట్టి కడుగు, రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పునీళ్ళు చేరితే అల్యూమినియం తెల్లగా పిండిలా రాలిపోతుంది, ఏడాది తర్వాత ఆ బోల్టు రాదు, తల తెగుతుంది. కడిగాక ఐదారు కిలోమీటర్లు నడుపుతూ బ్రేకులు మెల్లగా పట్టి ఆరబెట్టు, తర్వాత చైన్‌కి ఆయిల్. డిస్కు మీద రాత్రికి రాత్రి ఎర్రగా తుప్పు కనిపిస్తే కంగారు పడకు, రెండుసార్లు బ్రేక్ పడితే పోతుంది. కానీ బ్రేక్ క్యాలిపర్ (డిస్కుని ప్యాడ్లతో నొక్కి పట్టేది) పిన్నులు మాత్రం ఊడదీసి చూడాల్సిందే.

తీరం_వెంట | 11:30

కడగాలని లేదన్నా. బాక్సు మీద ఇసుక ఉంది ఇంకా.

గ్రీజుచేతులు | 11:31

చిన్న సీసాలో పోసి పెట్టుకో. బండి కడుగు.

తీరం_వెంట | తర్వాతి ఆదివారం, సాయంత్రం 6:00

కడిగా. రెండుసార్లు. వెనక క్యాలిపర్ పిన్ను ఒకటి సగం బిగుసుకుపోయింది, ప్యాడ్ ఒక వైపు ఏటవాలుగా అరిగి ఉంది, ఆఖరి మూడు నాలుగు రోజులు ఒక్క వైపే పట్టుకుని నడిచిందన్నమాట, నాకేమీ తెలీలేదు. చైన్ ఒక చోట బిగుతు ఒక చోట వదులు, కొత్తది తెచ్చా. వేళ్ళ మొద్దు చిటికెన వేలికి పోయింది, ఉంగరపు వేలికి ఇంకా కొంచెం ఉంది.

పాతబండి | 6:15

ఆ రెండు వేళ్ళకీ వెళ్ళే నరం అరచేతి మడమ దగ్గర, చిటికెన వేలి వైపు నుంచి పోతుంది. హ్యాండిల్ మీద అక్కడ బరువు వేసి గంటలు గంటలు నొక్కి పట్టావ్, దానికి వణుకుడు తోడైంది. మామూలుగా రెండు మూడు వారాల్లో పోతుంది, పోకపోయినా, పట్టు తగ్గినట్టున్నా డాక్టర్‌కి చూపించు, నాన్చకు. అది సరే, మనిషివి ఎలా ఉన్నావ్?

తీరం_వెంట | 6:28

బాగానే ఉన్నా గానీ రోజూ 5:30కే మెలకువ వస్తోంది, లేచి ఎక్కడికెళ్ళాలో లేక కూర్చుంటున్నా. ఇంట్లోవాళ్ళు రెండు రోజులు అడిగారు ఎలా జరిగిందని, ఏదో చెప్పా, మూడో రోజు నుంచి మామూలే. బ్యాగు ఇంకా సర్దలేదు. ట్రిప్ మీటర్ కూడా రీసెట్ చెయ్యలేదు, 4,658 అలాగే ఉంది.

రెండోగేరు | 6:33

అట్లెట్ల ఉంటది అన్నా? వారం నుంచి ఆఫీసుకు పోతున్నవ్ గద, ఆ కిలోమీటర్లు గూడ అండ్లనే కలుస్తయి.

లెక్కలమాస్టారు | 6:35

కడిగాక ఆరబెట్టడానికి నడిపిన ఐదారు కూడా.

తీరం_వెంట | 6:41

బండిని అక్కడే నిలబెట్టి గుడ్డతో ఆరబెట్టా. ఆఫీసుకి బస్సులో వెళ్తున్నా.